ఆరినంక

మండిబజార్ గల్లీల, అత్తరు దుకాణం ఎనక
మా ప్రెస్సుల నా గదికి కిటికీ లేదు.
ఉండె. తెర మీద ఎండ పడుతదని
నేనే అట్టపెట్టెలతోటి మూయించిన.
మొదటి మూడు జీతాలు
రంగులు కొలిచే మిషన్‌కు పోయినయి.
దాన్ని తెరకు ఆనిస్తుంటె చూసి
ఖలీల్ భాయ్ నవ్విండు:
"దీనికి గూడ బీపీ చూస్తవా బిడ్డా?"

చూస్త. ప్రతి సోమవారం.

ఇయ్యాల కొత్తవాడ జంపఖానాల క్యాటలాగు.
నలభై ఎనిమిది పేజీలు, మూడు వేల కాపీలు.
పన్నెండో పేజీల ఒక ఎరుపు.
ఎనుమాముల యార్డుల పొద్దుగాల
చపాటా మిర్చి బస్తా మూతి విప్పినట్టు.
సంఘం సెక్రటరీ తన ఫోన్ల అదే బొమ్మ చూసుకొని
"గిదే. గిట్లనే రావాలె" అన్నడు.

కంట్రోల్ పట్టి వై కొట్టిన.

కాజీపేట దాకా నిలబడి వచ్చిన మనిషి
సీటు దొరికితే కూలబడ్డట్టు
ఎరుపు కూలబడ్డది.
ఇంకో మీట నొక్కితే
మా సిరా అందుకోలేని జాగలన్నీ బూడిద పూసుకున్నయి,
నడుమ పువ్వుల బూడిద, అంచు గీతల బూడిద.
కాగితం తెలుపును గూడ కలుపమంటె
తెర మొత్తం
జ్వరమొచ్చి లేచిన మొకం లెక్క అయ్యింది.

"ఏం జేసినవమ్మా? మంచిగున్నదాన్ని!"

నెమలి నీలం అడిగిన పెండ్లిపత్రికలోళ్ళు గిట్లనే అన్నరు.
విత్తనాల పాకీటు మీద పచ్చదనం అడిగినాయన
అడ్వాన్సు వాపస్ తీస్కపోయిండు.
తెర తనే వెలుగుతది సారూ,
కాగితం మన ట్యూబులైటు అడుక్కొని కనపడుతది.
ఈ మాట చెప్పీ చెప్పీ
నాకే బోరు కొట్టింది.

అప్పుడు స్టూలు మీది ముసలాయన లేచిండు.
గంట సేపట్నుంచి ఉన్నడు, చాయ్ గూడ వద్దన్నడు.
కుడికాల ఓదెలు. అద్దకం పని.
గోళ్ళ సందుల నీలం,
బొటనవేలు మడతల ఏనాటిదో మెరూన్.
ముక్కు తగిలేటంత వంగి
"మల్లొక్కసారి చెయ్" అన్నడు.

చేసిన. వెలుగు. మసక. వెలుగు. మసక.

"ఓ, గిదా. ఇది తడిది. ఇది ఆరింది."

సెక్రటరీకి కాదు, నాకు చెప్పిండు:
కాగుల నుంచి తీసినప్పుడు
ప్రతి ఎరుపూ పెండ్లికొడుకే.
మురిసిపోయి లడీలన్నీ ముంచితె
దండెం కాడ ఏడ్వాలె.
మా నాయిన ఒక్క పోగు తెంపి
వేలికి చుట్టుకొని పొయ్యి సెగకు పట్టేటోడు.
అది ఆరేదాకా
ఎవలతోటి మాట్లాడకుంట ఉండేటోడు.

"నీ కాడ పొయ్యి లేదాయె. ఎట్ల ఆరబెట్టినవ్?"

ప్రొఫైల్ అనబోయి ఆగిన.
"ఖలీల్ భాయ్ నిరుడు అచ్చేసిన షీట్లు
గడి గడి కొలిచి దాచుకున్న తాతా.
అవే నా పొయ్యి."

ఆయన అంగి జేబుల నుంచి
సిగరెట్ డబ్బ తీసిండు. అండ్ల సిగరెట్లు లేవు.
జంపఖానా అంచు తునక, రెండేళ్ళ వెడల్పు.
తెర పక్కన పట్టిండు.
వెలుగు ఎరుపు దాన్ని గుర్తు పట్టలే.
మసక ఎరుపు పక్కన ఆ తునక
ఇంటికి వచ్చినట్టు నిలబడ్డది.
కొంచెం తేడా ఉన్నది. నీలి సిరా రెండు పాళ్ళు తగ్గించిన,
పసుపు ఒక పాలు ఎక్కిచ్చిన.
"ఆగు" అన్నడు. ఆగిన.

సెక్రటరీ సంతకం పెట్టిండు గని
'ఫోన్ల ఉన్నట్టు లేదు' అని కింద రాసిండు.
రాయనీ.

రాత్రి ఎనిమిదింటికి మొదటి షీటు దిగింది,
మెరుస్తూ, సిరా వాసనతోటి.
ఖలీల్ భాయ్ లైటు కిందికి తెచ్చి "చూడుండ్రి" అన్నడు.
ఓదెలు చూడలే.
చేతులు ఎనక్కి కట్టుకొని గోడకు ఆనుకున్నడు.
నేనూ ఆనుకున్న.
ఆరేదాకా ఎవలం మాట్లాడలే.